తనాజుల్ కాగితం: సౌదీలో ఒక యాక్సిడెంట్, ఇక్కడ రెండు కుటుంబాలు

2018 జనవరిలో జగిత్యాల జిల్లా నుంచి ఒకాయన కరీంనగర్‌లో మా వకీల్ ఆఫీసుకొచ్చాడు. ప్లాస్టిక్ కవర్లోంచి ఒక అరబ్బీ కాగితం జాగ్రత్తగా తీసి, "దీని మీద సంతకం పెట్టిస్తే మా తమ్ముడు బయటికొస్తడట సార్" అన్నాడు. ఎవరి సంతకం అని అడిగితే, "సచ్చిపోయినాయన భార్యది" అన్నాడు. ఆమె ఎక్కడుంటుందో తెలుసా అంటే నిజామాబాద్ జిల్లా అని తెలుసు, ఊరు తెలియదు. ఆమెతో వాళ్ళింట్లో ఎవరైనా మాట్లాడారా అంటే తల దించుకున్నాడు.

ఆ కాగితాన్ని సౌదీలో తనాజుల్ అంటారు. హక్కు వదులుకుంటున్నానని చనిపోయినవాళ్ళ వారసులు ఇచ్చే పత్రం. గల్ఫ్ కేసులు చూసే మా అందరికీ ఇది అలవాటైన కాగితమే. ఎవరో ఒక పెద్దమనిషిని పట్టుకోవడం, ఎంతో కొంత చేతిలో పెట్టడం, సంతకం తీసుకోవడం, ఎంబసీకి పంపడం. నేనూ అలాగే చేసేవాణ్ణి. ఈ కేసులో అలా చేయలేకపోయాను, అందుకే రాస్తున్నాను. రెండు కుటుంబాలూ రాసుకోమన్నాయి. పేర్లు, ఊళ్ళు, కంపెనీ వివరాలు మాత్రం ఉండవు.

జరిగింది ఇది. 2017 అక్టోబర్‌లో, తెల్లవారుజామున, ఒక లేబర్ క్యాంపులో నీళ్ళ ట్యాంకర్ రివర్స్ చేస్తుండగా వెనక పైపు వాల్వు కట్టేస్తున్న మనిషి మీదకి ఎక్కింది. నడిపింది మన జగిత్యాల ఆయన. చనిపోయింది నిజామాబాద్ జిల్లా ముస్లిం, 38 ఏళ్ళు, భార్య, ఒక పాప, ఒక బాబు, ఊళ్ళో అమ్మానాన్న. ఇద్దరిదీ ఒకటే రూము, శుక్రవారం వంట ఆ చనిపోయినాయనే చేసేవాడట. డ్రైవర్‌కి చిన్న బండ్ల లైసెన్సే ఉంది. రెగ్యులర్ డ్రైవర్ రాకపోతే ఫోర్‌మన్ ఈయన్ని ఎక్కమన్నాడు. బండికి ఒక పక్క అద్దం పగిలి ఉంది. ఇన్సూరెన్స్ గడువు దాటిపోయింది. పోలీసు రిపోర్టులో మాత్రం తప్పు మొత్తం డ్రైవర్ ఖాతాలో పడింది. అప్పటినుంచీ జైల్లోనే.

ఇక్కడ కొంచెం చట్టం చెప్పుకోవాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఇస్లామిక్ చట్టంలో మనిషి ప్రాణం పోతే ఆ కేసు ముందు కుటుంబానిది, తర్వాతే ప్రభుత్వానిది. కావాలని చంపితే కిసాస్, అంటే ప్రాణానికి ప్రాణం అడిగే హక్కు వారసులకుంది. దాన్ని వదిలేసి డబ్బు తీసుకోవచ్చు, ఏమీ తీసుకోకుండా మాఫ్ చేయొచ్చు. పొరపాటున ప్రాణం పోతే కిసాస్ ఉండదు, దియా ఉంటుంది, అంటే రక్తపరిహారం. ఖురాన్ నాలుగో సూరా 92వ ఆయతులో ఈ మాట ఉంది, దానంగా వదిలేస్తే తప్ప కుటుంబానికి దియా చెల్లించాలని. పాత లెక్క నూరు ఒంటెలు. సౌదీలో 2011లో దీన్ని పొరపాటు మరణానికి 3 లక్షల రియాళ్ళు, ఉద్దేశపూర్వక హత్యకు 4 లక్షలు చేశారు. కుటుంబం హక్కుని హక్ ఖాస్ అంటారు, సమాజం తరఫున ప్రభుత్వం అడిగేదాన్ని హక్ ఆమ్ అంటారు. మొదటిది కుటుంబం వదులుకున్నా రెండోది అలాగే ఉంటుంది.

మన దగ్గర మొదటి నుంచీ వేరే లెక్క అని చాలామంది అనుకుంటారు. కాదు. మొగలుల నాటి నుంచి కోర్టుల్లో నడిచింది ఈ పద్ధతే. 1790లో కార్న్‌వాలిస్ బెంగాల్‌లో హతుడి వారసులకున్న మాఫీ హక్కుని తీసేశాడు, హత్య కుటుంబ వ్యవహారం కాదు, సర్కారు వ్యవహారం అన్నాడు. 1860 నాటి పీనల్ కోడ్ వచ్చేసరికి ఆ మాట స్థిరపడిపోయింది. అందుకే మన కేసు కాగితం మీద చనిపోయినవాడి భార్య పేరు ఉండదు, స్టేట్ వర్సెస్ ఫలానా అని ఉంటుంది, ఆమె ఒట్టి సాక్షి. మాటలు మాత్రం మిగిలాయి. రాజీనామా అంటే ఈరోజు ఉద్యోగం మానేసే కాగితం, కానీ అసలు అర్థం రాజీ పడ్డామని కోర్టుకిచ్చే పత్రం. మా సీనియర్ గారి పాత ఫైళ్ళలో ఆ అర్థంతోనే కనిపించేది.

సరే, కేసు. మొదట ఆమె ఊరు కనుక్కున్నాం. భర్త పోయి మూడు నెలలు, ఇద్దత్‌లో ఉంది. ముస్లిం స్త్రీ భర్త చనిపోతే పాటించే గడువుని ఇద్దత్ అంటారు, నాలుగు నెలల పది రోజులు. ఆ ఇంట్లో దాన్ని గట్టిగా పాటిస్తారు, పరాయి మగవాళ్ళకి ఎదురుపడదు. డ్రైవర్ అన్నకి టెన్షన్, ప్రతి వారం ఫోన్ చేసేవాడు, ఎప్పుడు పోదాం సార్, ఎప్పుడు పోదాం అని. మేం ఆగాం. నా జూనియర్ (మహిళా అడ్వకేట్, ఉర్దూ బాగా వచ్చు) ఒక్కతే రెండుసార్లు వెళ్ళి కూర్చుని వచ్చింది. సంతకం సంగతి ఎత్తొద్దని ముందే అనుకున్నాం. ఆ ఆగడమే ఈ కేసుని నిలబెట్టిందని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

నేను కోర్టు మీడియేటర్‌ని కూడా. 40 గంటల ట్రైనింగ్ తీసుకున్నవాణ్ణి. ఆ ట్రైనింగ్‌లో రాజీ ఎలా కుదర్చాలో నేర్పుతారు. రెస్టోరేటివ్ జస్టిస్ అనేది దానికి దగ్గరదే కానీ అది కాదు. రాజీలో ఎంతకి అని అడుగుతాం. ఇందులో అడిగేది, ఎవరికి ఏం నష్టం జరిగింది, వాళ్ళకిప్పుడు ఏం కావాలి, అది ఎవరు తీర్చాలి అని. 1974లో కెనడాలో కిచెనర్ దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఒక రాత్రి 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేస్తే, ప్రొబేషన్ ఆఫీసర్ మార్క్ యాంట్జీ జడ్జిని ఒప్పించి వాళ్ళని ఇంటింటికీ తీసుకెళ్ళాడు, తలుపు కొట్టి తప్పు ఒప్పుకుని నష్టం లెక్క రాసుకుని రావడానికి. న్యూజిలాండ్ 1989లో పిల్లల కేసులకి కుటుంబాల సమావేశాన్ని చట్టంలోనే పెట్టింది. సెక్యులర్ దేశాలు జైళ్ళతో విసిగిపోయి వెతుక్కుంటూ వచ్చిన చోటు, బాధితుణ్ణి మళ్ళీ మధ్యలో కూర్చోబెట్టడం. ఆ కుర్చీని ఇస్లామిక్ చట్టం ఎప్పుడూ తీయలేదు. అయితే కుర్చీ ఉంది కానీ మాట్లాడమని అడిగేవాళ్ళు లేరు, ఒప్పుకుంటావా లేదా అంతే. ఈ మాట నాకు ఆ విధవరాలే నేర్పింది.

జూనియర్ రెండోసారి వెళ్ళినప్పుడు ఆమె అన్న మాట నోట్‌బుక్‌లో రాసుకొచ్చింది. "పైసల ముచ్చట మా మామను అడుగుండ్రి. నాకైతే ఆయన పానం ఎట్ల పోయిందో చెప్పాలె. అక్కడున్న మనిషి ఒక్కడే, ఆయన జైల్ల ఉన్నడు. నాతోని మాట్లాడియ్యండి."

కంపెనీ వాళ్ళు అక్కడికక్కడే పోయాడని చెప్పారు. శవం వచ్చేసరికి ఐదు వారాలు దాటింది. పెట్టెలో ఉంగరం లేదు, ఫోన్ లేదు. ఆమెకి చెప్పిన మాట మీద నమ్మకం లేదు.

మార్చిలో, ఇద్దత్ అయిపోయాక, ఆమె అన్న ఇంట్లో కూర్చున్నాం. వాళ్ళ వైపు ఆమె, అత్త, మామ, అన్న, వాళ్ళ మసీదు ఇమామ్. ఇటు వైపు డ్రైవర్ భార్య, తల్లి, అన్న. ఇమామ్ గారిని నేనే ముందుగా కలిసి ఒక విన్నపం చేశాను, మాఫ్ చేయడం ఎంత పుణ్యమో మీరు ఇప్పుడే చెప్పొద్దు, ఆమె అడిగితేనే చెప్పండి అని. ఆయన నవ్వి, మాఫీ అనేది మెడ మీద చెయ్యి వేసి తీసుకునేది కాదని నాకూ తెలుసు వకీల్ సాబ్ అన్నారు. కుల పెద్దలం మేమూ వస్తామని డ్రైవర్ ఊరి నుంచి ఇద్దరు బయల్దేరారు, వద్దన్నాను. వాళ్ళొస్తే పది నిమిషాల్లో రేటు దగ్గరికి వెళ్ళిపోతుంది, ఆడవాళ్ళు వంటింట్లోకి వెళ్ళిపోతారు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను.

జైలు నుంచి ఫోన్ వచ్చింది. మూడుసార్లు కట్ అయింది. నాలుగోసారి స్పీకర్ పెట్టాం. డ్రైవర్ "భాభీ" అన్నాడు, తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు, ఏడుస్తున్నాడో లైన్ పోయిందో మాకు తెలియలేదు. ఆమె కర్టెన్ వెనక నుంచి తెలుగులోనే అడిగింది, "జెల్దిన పోయిండా, బతికిండా కొద్దిసేపు?"

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు, జవాబు కూడా ముందే తెలుసు, ఎందుకంటే డ్రైవర్‌తో అంతకుముందు రెండుసార్లు మాట్లాడాను. అబద్ధం చెప్పొద్దని చెప్పాను, మెత్తగా చెప్పమని కూడా చెప్పాను. ఆయన మెత్తగా చెప్పలేదు. "ఇరవై నిమిషాలున్నడు భాభీ. నీళ్ళడిగిండు. నేను పోయబోతే వద్దన్నరు, పోస్తే పానం పోతదన్నరు. నేను పొయ్యలే. పోసినా పోయెటోడే. నాకు రోజూ అదే యాదికొస్తది" అన్నాడు.

అత్త గట్టిగా ఏడ్చింది. మామ లేచి బయటికి వెళ్ళిపోయాడు. నేను ఆపేద్దామనుకున్నాను, జూనియర్ నా చెయ్యి నొక్కింది. కర్టెన్ వెనక నుంచి ఇంకో ప్రశ్న వచ్చింది, "కల్మా ఎవరన్న చదివిండ్రా?" చదివారు, క్యాంపులో ఒక పాకిస్తానీ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని చదివాడు, చివరికి ఈయన పెదాలు కూడా కదిలాయి. అంతే. ఆమె ఇంకేం అడగలేదు. డ్రైవర్ భార్య కర్టెన్ లోపలికి వెళ్ళింది, ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేదు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అడగలేదు కూడా.

ఆ రోజు సంతకం తీసుకోలేదు. డ్రైవర్ అన్నకి కోపం వచ్చింది, ఆమె ఒప్పుకునేలా ఉంది కదా సార్ అని. ఏడ్చిన రోజు పెట్టిన సంతకం నాకు వద్దన్నాను.

ఇక లెక్కలు. 3 లక్షల రియాళ్ళు అప్పటి రేటుకి 52 లక్షల రూపాయల దాకా. దియా వారసత్వ వాటాల ప్రకారం పంచుతారు. పిల్లలున్నారు కాబట్టి భార్యకి ఎనిమిదో వంతు, అంటే 37,500 రియాళ్ళు. తల్లికి ఆరో వంతు, తండ్రికి ఆరో వంతు, చెరో 50,000. మిగిలిన 1,62,500 పిల్లలది, అందులో బాబుకి రెండు భాగాలు, పాపకి ఒకటి. ఎవరి వాటా వాళ్ళే వదులుకోగలరు. మైనర్ల వాటాని తల్లి కూడా ఊరికే వదిలేయడానికి లేదు. ఈ చివరి మాట తెలియక చాలామంది ఏజెంట్లు "భార్య సంతకం చాలు" అని డబ్బులు గుంజుతుంటారు. అందరూ మాఫ్ చేసినా ఈ కేసులో సగం పైన కట్టక తప్పదు. నిజం చెప్పాలంటే ఈ నిబంధన నాకు చాలా నచ్చింది. పెద్దవాళ్ళ కన్నీళ్ళకీ, పుణ్యానికీ, మొహమాటానికీ పిల్లల వాటా కరిగిపోకుండా చట్టమే అడ్డం నిలబడింది.

పదకొండు రోజుల తర్వాత ఆమే కబురు పెట్టింది, తన వాటా వదిలేస్తానని. అత్త కూడా వదిలేసింది. మామ వదలనన్నాడు. ఇమామ్ గారు చెప్పి చూశారు, నేను చెప్పి చూడలేదు. అది ఆయన హక్కు. మాఫ్ చేయకపోతే తప్పు చేసినట్టు చూడటం మన వాళ్ళలో ఉన్న పెద్ద జబ్బు. "నా కొడుకు పంపిన పైసలతోనే బతుకుతున్న, ఇప్పుడెవరు పంపుతరు?" అన్నాడాయన. దీనికి ఎవరైనా జవాబు చెప్పగలిగితే చెప్పండి.

అంటే కట్టాల్సింది 2,12,500 రియాళ్ళు. పాత ఫిఖ్‌లో, అంటే ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో, ఒక ఏర్పాటుంది, ఆఖిలా అని. పొరపాటు మరణానికి దియాని ఒక్కడే కట్టడు, వాడి వంశం, వాడి జట్టు అంతా కలిసి కడుతుంది. జగిత్యాల నుంచి వెళ్ళిన డ్రైవర్‌కి అక్కడ వంశం ఎవరు? క్యాంపే. తెలుగువాళ్ళు, పాకిస్తానీలు, బంగ్లాదేశ్ వాళ్ళు, నేపాలీలు కలిసి 40,000 వేశారు. చనిపోయినాయన దగ్గర అప్పు తీసుకున్న ఇద్దరు అది కూడా తెచ్చి ఇందులో వేశారు. కంపెనీ మొదట మాకేం సంబంధం అంది. లైసెన్స్ లేని మనిషిని ఎక్కించిన సంగతి, ఇన్సూరెన్స్ సంగతి కాగితం మీద పెట్టి ఎంబసీ ద్వారా పంపాక లక్ష ఇచ్చింది. తప్పు ఒప్పుకోలేదు, దానంగా ఇస్తున్నామని రాయించుకుంది. మొత్తం కేసులో నన్ను ఇప్పటికీ కొరికేది ఇదే. డ్రైవర్ తప్పు ఒప్పుకున్నాడు, ఫోర్‌మన్‌ని ఎవరూ పిలవలేదు, నేను కూడా పిలవలేకపోయాను. మిగిలిన 72,500 డ్రైవర్ కుటుంబం కట్టింది, ఎకరం పొలం, భార్య పుస్తెలతాడు, కొంత అప్పు.

పొలం రిజిస్ట్రేషన్ రోజు డ్రైవర్ అన్న నన్నొక మాట అడిగాడు. "సార్, మా తమ్ముడే పోయి వాళ్ళాయన బతికుంటే, మాకు గింతే వచ్చేదా?" రాదు. ఇస్లామిక్ చట్టంలో వేరువేరు పద్ధతులున్నాయి, వాటిలో హనఫీ పద్ధతిలో ముస్లిమేతరుడి దియా కూడా సమానమే అంటారు. కానీ సౌదీ కోర్టులు ఎక్కువగా హన్బలీ పద్ధతిని అనుసరిస్తాయి, ఆ పద్ధతి ప్రకారం హిందువు దియా చాలా చాలా తక్కువ. స్త్రీకైతే సగం. బాధితుణ్ణి మధ్యలో కూర్చోబెట్టే చట్టమే ఆ కుర్చీల ఎత్తు వేరువేరుగా పెట్టింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, వేలిముద్ర తుడుచుకున్నాడు.

వారసుల సర్టిఫికెట్, తనాజుల్ పత్రాలు, వకాలా (మన పవర్ ఆఫ్ అటార్నీ లాంటిది), నోటరీ, అటెస్టేషన్లు, అరబ్బీ అనువాదం, వీటికి మూడు నెలలు. ఆ తిరుగుడు అందరికీ తెలిసిందే. 2018 సెప్టెంబర్‌లో డ్రైవర్ విడుదలయ్యాడు, హక్ ఆమ్ కింద శిక్ష అప్పటికే అనుభవించినట్టు లెక్కేశారు.

అన్ని కేసులూ ఇలా తేలవు. సిరిసిల్ల ప్రాంతం ఐదుగురి సంగతి మన దగ్గర అందరికీ తెలుసు. దుబాయ్‌లో నేపాలీ వాచ్‌మన్ మరణం కేసు, కేటీఆర్ నేపాల్ వెళ్ళి ఆ కుటుంబానికి 15 లక్షలు ఇచ్చి క్షమాపత్రం తెచ్చారు, అయినా వాళ్ళు ఇల్లు చేరింది దాదాపు 18 ఏళ్ళ జైలు తర్వాత, 2024 ఫిబ్రవరిలో. సౌదీలో ఉరిశిక్ష పడ్డ కోజికోడ్ డ్రైవర్ కోసం అదే ఏడాది మలయాళీలు 34 కోట్లు, అంటే కోటిన్నర రియాళ్ళు పోగుచేశారు, ఉరి తప్పింది, హక్ ఆమ్ కింద 20 ఏళ్ళ శిక్ష పడింది. కోటిన్నర అడిగే చోట అది పరిహారం అని నాకనిపించదు, బేరం. పాకిస్తాన్‌లో 1990లో కిసాస్, దియత్ చట్టం తెచ్చాక చెల్లెల్ని చంపిన అన్నని తండ్రి మాఫ్ చేసి ఇంటికి తెచ్చుకోవడం మామూలైపోయింది, 2016లో సవరణ చేసి పరువు హత్యల్లో కుటుంబం క్షమించినా యావజ్జీవం తప్పదని పెట్టాల్సొచ్చింది. చంపినవాడూ క్షమించేవాడూ ఒకే ఇంటివాళ్ళయితే అక్కడ బాధితుడి తరఫున ఎవరు కూర్చున్నట్టు?

ఇదంతా చూసి మన పద్ధతే నయం అనేవాళ్ళకి ఇంకో ఫైలు చూపిస్తాను. సౌదీ కేసు నడిచిన ఏడాదే కోరుట్ల దగ్గర ఆటో గుద్ది ఒక కూలీ చనిపోయాడు. అప్పటి పీనల్ కోడ్ సెక్షన్ 304-ఏ, అంటే నిర్లక్ష్యంతో ప్రాణం పోగొట్టడం. ఆటో డ్రైవర్‌కి దశదినం నాడు వాళ్ళింటికి వెళ్ళాలని ఉంది. వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని వద్దన్నది ఎవరో కాదు, నేనే, ఆయన వకీల్‌ని. ఆ సెక్షన్ కింద రాజీకి చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఏమవుతుందో కోర్టుల చుట్టూ తిరిగే ప్రతివాడికీ తెలుసు. బయట పెద్దమనుషుల దగ్గర డబ్బు చేతులు మారింది. ట్రయల్‌లో సాక్షులు బోనెక్కి ఆటో నంబర్ చూడలేదన్నారు. చనిపోయినాయన భార్య కూడా, డ్రైవర్ ఎవరో నాకు తెలియదని చెప్పింది, అతను ఆమెకి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉండగా. కేసు కొట్టేశారు. యాక్సిడెంట్ ట్రిబ్యునల్ ఇచ్చే పరిహారం డబ్బు తర్వాత ఎప్పటికో వచ్చింది. సుప్రీంకోర్టు 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో, రాజీ కుదిరితే కొన్ని కేసుల్ని హైకోర్టు కొట్టేయొచ్చంది, కానీ కూలీ కుటుంబం ఎక్కడ, హైకోర్టు ఎక్కడ. మన దగ్గర రాజీ లేదని ఎవరన్నారు? ఉంది, దొడ్డిదారిన ఉంది, అబద్ధం చెబితేనే దొరుకుతుంది. సౌదీ కేసులో విధవరాలు కోర్టుకి నిజం చెప్పి మాఫ్ చేసింది. కోరుట్ల కేసులో విధవరాలు కోర్టులో అబద్ధం చెప్పాల్సొచ్చింది, తన భర్త ఎలా పోయాడో ఈరోజుకీ పూర్తిగా తెలియదు.

నేను చేసిన తప్పులు రెండు. ఫోర్‌మన్ సంగతి చెప్పాను. రెండోది పిల్లలు. మార్చి మీటింగ్ రోజు తొమ్మిదేళ్ళ బాబుని బయట మా కారు డ్రైవర్ దగ్గర కూర్చోబెట్టాం, బిస్కెట్ ప్యాకెట్ కొనిచ్చాం, పెద్దల మాటలు వాడికెందుకని. మూడు నెలల తర్వాత జూనియర్ అటెస్టేషన్ పని మీద వెళ్తే, వాడు బడికి పోవడం లేదని తెలిసింది. బళ్ళో ఎవడో "మీ అబ్బా పీనుగను అమ్ముకున్నరంట కదా" అన్నాడట. ఊళ్ళో ఆ మాట ముందునుంచే తిరుగుతోంది, మా దాకా రాలేదు. రెండు కుటుంబాల మధ్య ఏం జరిగిందో రెండు కుటుంబాలకి తెలుసు, ఊరికి తెలిసింది డబ్బు ఒక్కటే. వాళ్ళమ్మ అప్పటికి వాడికి ఏమీ చెప్పలేదు, ఎలా చెప్పాలో తెలియక. జూనియర్ ఆ సాయంత్రం అక్కడే ఉండిపోయి, ఆమె పక్కన కూర్చుని, ఫోన్‌లో విన్నదంతా వాడికి మళ్ళీ చెప్పించింది, నీళ్ళ సంగతితో సహా. డ్రైవర్ ఇంటికొచ్చాక ఆ ఊరు వెళ్ళాడు, ఆమె కలవలేదు, మామ కలిశాడు, బాబు గడపలో నిలబడి చూశాడట. ఇప్పుడు గల్ఫ్ ఫైలు ఏదొచ్చినా మొదటి పేజీలో ఇంట్లో పిల్లలెందరు, వాళ్ళకి ఎవరు ఏం చెప్పారు అన్న గడి పెట్టుకున్నాం. చాలా ఫైళ్ళలో అది ఖాళీగానే వస్తుంది.